గుంటల బంతి గుట్టు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు తగులుతుంది. ఒకప్పుడు ఆ ఊరి పేరెత్తితే మలయాళ స్వామి వ్యాసాశ్రమం గుర్తుకొచ్చేది. పక్కనే ఉన్న పాపానాయుడుపేట గాజుపూసలు గుర్తుకొచ్చేవి. ఇప్పుడు ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఐఐటీ! దానికి తోడు ఐసర్. రెండూ 2015లోనే మొదలయ్యాయి. రెండింటికీ ఈ మండలంలోనే సొంత భవనాలు లేచాయి.

ఆ దారిలోనే ఓ సాయంత్రం, కోత అయిపోయిన మడిలో పిల్లలు క్రికెట్ ఆడుతూ కనిపించారు. చేతిలో టెన్నిస్ బంతి. దాని మీద ఒక సగానికి మాత్రం నల్లటి ఇన్సులేషన్ టేపు నున్నగా అంటించారు. రెండో సగం నూగునూగుగా అలాగే వదిలేశారు. ‘‘ఎందుకబ్బోడా ఇట్లా?’’ అని అడిగితే, పదేళ్ల బౌలరు నా వైపు జాలిగా చూశాడు. ‘‘అట్లయితేనే కదా సార్, స్వింగ్ అయ్యేది!’’

నిజమే. ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు ఉంటే గాలి రెండు వైపులా ఒకేలా పారదు. బంతి పక్కకు తిరుగుతుంది. వాడికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏ మాస్టారూ చెప్పలేదు. వాళ్లన్న చెప్పి ఉంటాడు. వాళ్లన్నకు ఇంకెవరో చెప్పి ఉంటారు. అదే సంగతిని ఇంజినీరింగ్ పిల్లలు బోర్డు నిండా సమీకరణాలతో నేర్చుకుంటారు. చేతికి ముందు తెలిసి, శాస్త్రానికి తర్వాత తెలిసిన విషయాలు ఆటల్లో బోలెడు. వాటన్నిటిలోకీ గమ్మత్తయింది గోల్ఫ్.

గోల్ఫ్ మన ఆట కాదు కదా అంటారా? నిజమే. హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకుని నయాఖిల్లాలో ఒక మైదానం ఉంది. విశాఖలో ఉంది. అయినా మనలో చాలామందికి అది టీవీలో కనబడగానే ఛానల్ మార్చేసే ఆట. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒక్కసారి కర్ర ఊపి, ఆనక అరమైలు నడుస్తూ పోతాడు. చూడ్డానికి ఏముంది? కానీ ఆ ఒక్క ఊపు మీద నూట ముప్ఫై ఏళ్లుగా భౌతిక శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్లు తేల్చినవాటిలో కొన్ని, పరీక్షలు రాసే పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చేవే. అక్కడికి వద్దాం. ముందు బంతి కథ.

నున్నటి బంతి ఎందుకు చతికిలబడింది?

గోల్ఫ్ బంతిని దగ్గర్నుంచి చూశారా? ఒళ్లంతా గుంటలే. మశూచి మచ్చల్లా ఉంటాయి. ఒక్కో బంతి మీద మూడొందల నుంచి అయిదొందల దాకా. వాటిని ఇంగ్లిషులో డింపుల్స్ అంటారు, అంటే బుగ్గ సొట్టలు. ఒక్కో సొట్ట లోతు సుమారు పావు మిల్లీమీటరు. నున్నటి వస్తువు గాల్లో జోరుగా పోతుందనీ, గరుకుది ఆగిపోతుందనీ కదా మనం అనుకునేది! ఇక్కడ అంతా తారుమారు. సొట్టలు లేని నున్నటి బంతిని అంతే బలంతో కొడితే, సొట్టల బంతి పోయే దూరంలో ఇంచుమించు సగమే పోతుంది.

ఈ రహస్యం మొదట తెలిసింది ఆటగాళ్లకే. పూర్వం స్కాట్లాండులో తోలుసంచిలో ఈకలు కూరి బంతులు కుట్టేవాళ్లు. ఖరీదెక్కువ, తడిస్తే పాడు. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాలతో బంతులొచ్చాయి. మలయా అడవుల నుంచి వచ్చే ముడిసరుకు, రబ్బరుకు దాయాది లాంటిది. చవక, గట్టిది, చక్కగా నున్నటిది. ఇంకేం, అందరూ కొనుక్కున్నారు. తీరా కొడితే కొత్త బంతి కాస్త దూరం పోయి చతికిలబడేది. నాలుగు రోజులు ఆడి, కర్ర దెబ్బలకు గాట్లు పడ్డాక మాత్రం అదే బంతి రెక్కలొచ్చినట్టు పోయేది! ఆటగాళ్లు ఊరుకుంటారా? కొత్త బంతి కొనగానే సుత్తితో గాట్లు పెట్టడం మొదలెట్టారు. తర్వాత తయారీదారులే ఆ పని చేసిపెట్టారు. ఎందుకలా పోతుందని మాత్రం ఒక్కరికీ తెలియదు. తెలియకపోయినా ఆట ఆగలేదు.

1905లో ఇంగ్లండులోని లీస్టర్‌లో విలియమ్ టేలర్ అనే ఆయన బంతి మీద గాట్లు, బొడిపెలు కాదు, లోపలికి పోయే గుండ్రటి సొట్టలు ఉండాలని పేటెంటు తీసుకున్నాడు. ఆయన అసలు వ్యాపారం ఏంటో తెలుసా? కెమెరా కటకాలు! ఈరోజు ప్రపంచంలో ఎవరి సంచీలో చూసినా ఉండేది ఆ సొట్టల బంతి వారసురాలే.

తండ్రి లెక్క, కొడుకు దెబ్బ

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి పీటర్ గథ్రీ టెయిట్. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర ఆచార్యుడు. లార్డ్ కెల్విన్‌తో కలిసి 1867లో పెద్ద గ్రంథం రాసినవాడు. అంతటి పండితుడు సెలవులొస్తే చాలు, సెయింట్ ఆండ్రూస్ మైదానంలోనే కాపురం. పగలు చాలదని రాత్రిళ్లు కూడా ఆడాలని, చీకట్లో మెరిసే భాస్వరం పూసిన బంతులు తయారుచేశాడు. ఆ సరదాలో తోటి ప్రొఫెసరు చేతి తొడుగు అంటుకుంది. ఆ రాత్రితో ఆ ప్రయోగానికి మంగళం పాడి ఉంటారని నా అనుమానం!

టెయిట్ గారి మూడో కొడుకు ఫ్రెడ్డీ. ఈయన తండ్రిలా పండితుడు కాదు, సైనికాధికారి. కానీ గోల్ఫ్‌లో వీరుడు. 1896లో, మళ్లీ 1898లో బ్రిటన్ అమెచ్యూర్ చాంపియన్. ఈ తండ్రీకొడుకుల మీద ఓ కథ ప్రచారంలో ఉంది. బంతి గాల్లో ఇంతకు మించి పోవడం అసాధ్యమని ప్రొఫెసరుగారు లెక్క కట్టి మరీ ప్రకటించారట. మర్నాడే కొడుకు మైదానానికెళ్లి ఆ లెక్కను చాలా గజాలు దాటించి కొట్టాడట! వినడానికి భలేగా ఉంది కదూ. ఫ్రెడ్డీ 1893 జనవరిలో గాల్లోనే 250 గజాలు పోయేలా కొట్టిన మాట నిజం. కానీ తండ్రి అంత అమాయకుడేం కాదు. ఆయన లెక్క తిరగకుండా పోయే బంతికి. బంతి తిరుగుతుందనీ, ఆ తిరుగుడులోనే కిటుకుందనీ అప్పటికే పసిగట్టి పరిశోధిస్తున్నాడు. జనానికి మాత్రం కొడుకు చేతిలో తండ్రి ఓడిన కథే రుచిగా ఉంది. ఎక్కడైనా అంతే.

ఆ రోజుల్లో ఆటగాళ్లందరి నమ్మకం ఒకటే. బంతికి తిరుగుడు పెట్టడం పాపం. తనూ చాలాకాలం అలాగే నమ్మానని టెయిట్ రాసుకున్నాడు. తీరా లెక్కలేస్తే ఏం తేలింది? మంచి ఆటగాడు కొట్టిన బంతి తిన్నగా పోతున్నట్టు కనిపిస్తుంది గానీ, గాల్లో వెనక్కి గిర్రున తిరుగుతూ ఉంటుంది. మన బావిగిలక లాగా. అలా తిరిగే బంతి తనను తాకిన గాలిని కిందికి తోస్తుంది. ఆ గాలి బంతిని పైకి తోస్తుంది. అందుకే రాయిలా దభీమని పడకుండా, గద్దలా గాల్లో కాసేపు నిలబడుతుంది. తిరిగే గుండు పక్కకు జరుగుతుందని జర్మనీలో మాగ్నస్ 1852లోనే చూపించాడు. దాన్ని గోల్ఫ్‌లో పట్టుకున్నది టెయిట్. బంతికి సన్నటి నాడా కట్టి, కొట్టించి, ఆ నాడాకు ఎన్ని మెలికలు పడ్డాయో లెక్కపెట్టాడు! ఎంత వేగంతో పోతోందో తెలుసుకోవడానికి మెత్తటి మట్టి దిమ్మలోకి కొట్టించేవాడు. మట్టి దిమ్మ ఎంత ఊగితే అంత వేగమన్నమాట. ఆ ఫలితాలు 1893లో, 1896లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి.

మీ ఇంట్లో పిల్లలుంటే దీన్ని ఈ రోజే చేసి చూపించొచ్చు. రెండు కాగితం టీ కప్పులు తీసుకుని అడుగూ అడుగూ ఆనించి టేపు వేయండి. నాలుగు రబ్బరు బ్యాండ్లు ఒకదాంట్లో ఒకటి ముడివేసి కప్పుల నడుముకు చుట్టండి. కొస కప్పుల అడుగు వైపు నుంచి ముందుకు రావాలి. ఆ కొసను బొటనవేలికి తగిలించి ముందుకు సాగదీసి, కప్పుల్ని వదిలేయండి. అవి కింద పడతాయనుకుంటే పైకి లేస్తాయి. బాగా కుదిరితే గాల్లో చక్రం కొట్టి మీ మీదికే వస్తాయి. టెయిట్ పట్టిన కిటుకు అదే.

ఫ్రెడ్డీ కథ మాత్రం విషాదం. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లాడు. 1899 డిసెంబరులో గాయపడ్డాడు. కోలుకుని తిరిగి యుద్ధానికి వెళ్లి, 1900 ఫిబ్రవరి 7న కూడూస్‌బర్గ్ దగ్గర చనిపోయాడు. అప్పటికి అతడి వయసు ముప్ఫై. తండ్రి ఆ దెబ్బకు కుంగిపోయాడు. మరుసటేడాది జులైలో ఆయనా పోయాడు. బంతి తిరుగుడు మీద ఆయన రాసిన వ్యాసాలు ఇప్పటికీ ఎవరో ఒకరు ఉదహరిస్తూనే ఉన్నారు.

గాలి చేసే గారడీ

తిరుగుడు సంగతి తేలింది. మరి సొట్టల సంగతో? టెయిట్ పోయిన మూడేళ్లకు, 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ ఇంజినీరు ఒక కొత్త మాట చెప్పాడు. కదిలే వస్తువును అంటిపెట్టుకుని గాలి పలచటి పొర ఉంటుంది, కథంతా ఆ పొరలోనే ఉంది అని. ఆ తర్వాత ఫ్రాన్సులో ఒకాయన గాలి సొరంగంలో గుండ్లు పెట్టి, గాలి ఎంత బలంగా వాటిని వెనక్కి లాగుతుందో కొలిచాడు. ఆ ఒకాయన ఎవరో కాదు, ఈఫిల్ టవర్ కట్టిన గుస్తావ్ ఈఫిల్! ఆయనకొచ్చిన అంకెలు, ప్రాంట్ల్ బృందం అంకెల్లో సగం కూడా లేవు. ఈఫిల్ ఎక్కడో రెండుతో గుణించడం మర్చిపోయి ఉంటాడని జర్మన్లు అనుకున్నారట. తీరా చూస్తే ఇద్దరూ కరెక్టే. ఒక వేగం దాటాక గాలి లాగుడు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. కారణం ఏంటో ప్రాంట్ల్ 1914లో తేల్చాడు. గుండు మీద ఓ సన్నటి తీగ చుట్టి చూపించాడు. తీగ చుట్టి గరుకు చేయగానే, గాలి లాగుడు పడిపోయింది!

ఎందుకంటారా? స్వర్ణముఖిలో నీళ్లు పారేటప్పుడు వంతెన స్తంభం వెనక చూడండి. నీళ్లు స్తంభాన్ని రాసుకుంటూ వచ్చి, వెనక్కి చేరేసరికి విడిపోతాయి. అక్కడ సుడులు. బంతి వెనక గాలి కూడా అంతే. నున్నటి బంతి మీద గాలి పొర బద్ధకంగా జారుతుంది. సగం దూరం కూడా రాకముందే బంతిని వదిలేస్తుంది. వెనక పెద్ద సుడిగుండం మిగులుతుంది. అది బంతిని వెనక్కి గుంజుతుంది. సొట్టలుంటే ఆ పొర చిందరవందరగా, చురుగ్గా కదులుతుంది. చురుకు గాలి బంతిని ఇంకాస్త దూరం అంటిపెట్టుకుని వెనక దాకా వెళ్తుంది. సుడిగుండం చిన్నదవుతుంది. లాగుడు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. మడిలో టేపు బంతి వేసే బౌలరుకీ ఇదే సూత్రం. అంతర్జాతీయ బౌలరు బంతిని ఒకవైపే తుడుచుకుంటూ ఉండటానికీ ఇదే కారణం. అమెరికా నాసాలో పనిచేసిన రబీంద్ర మెహతా అనే శాస్త్రవేత్త క్రికెట్ బంతి, గోల్ఫ్ బంతి, బేస్‌బాల్ బంతి అన్నిటినీ కలిపి 1985లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో వాళ్లందరికీ పరిచయమే.

గాలే లేకపోతే? ఆ పరీక్ష కూడా అయిపోయింది. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద రెండు బంతులు కొట్టాడు. అక్కడ సొట్టలకు పనిలేదు, తిరుగుడుకు పనిలేదు. అయినా ఒక దెబ్బ సరిగా పడకపోయేసరికి భూమి మీద నుంచి ఒకాయన ‘వంకర తిరిగినట్టుందే’ అని వేళాకోళమాడాడు. గాలి లేనిచోట బంతి వంకర తిరగదు పాపం! మైళ్లకు మైళ్లు పోయిందని షెపర్డ్ గొప్పలు పోయాడు గానీ, 2021లో పాత ఫొటోలను శుభ్రం చేసి కొలిస్తే తేలింది... ఒకటి 24 గజాలు, రెండోది 40 గజాలు. బరువైన సూట్లో ఒంటిచేత్తో కొట్టాడు కాబట్టి క్షమించేద్దాం.

అర మిల్లీసెకను

బంతి లెక్క తేలాక శాస్త్రవేత్తలు మనిషి మీద పడ్డారు. 1960ల్లో బ్రిటన్‌లో గోల్ఫ్ సొసైటీ ఒకటి డబ్బులిచ్చి, కొందరు సైంటిస్టులను కూర్చోబెట్టి ఊపును పరిశోధించమంది. ఆ ఫలితాలతో అలస్టేర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో ఓ పుస్తకం తెచ్చారు. బండమీద బట్టలు ఉతికేవాళ్ల చేతులు చూడండి. ముందు భుజం కదులుతుంది, ఆఖర్న మణికట్టు విదిలిస్తుంది. బట్ట చివరకు వేగమంతా వచ్చి చేరుతుంది. గోల్ఫ్ ఊపూ దాదాపు అదేనని ఆ పుస్తకం తేల్చింది. మొదట్లోనే మణికట్టు విదిలించినవాడికి వేగం రాదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకో అంకె. కర్రా బంతీ కలిసి ఉండేది ఎంతసేపో తెలుసా? అర మిల్లీసెకను! సెకనులో రెండువేలో వంతు. 46 గ్రాముల బంతి ఆ లిప్తపాటులో గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. లెక్కేస్తే సగటున ఆరువందల కిలోల బరువు మోపినంత తాకిడి. దెబ్బ తగిలిన సంగతి చేతుల నుంచి మెదడుకు చేరేసరికి బంతి మీటరు దూరం దాటిపోయి ఉంటుంది. అంటే దెబ్బ తగిలేటప్పుడు సరిదిద్దుకోవడం అనేది ఉండదు. ఏం చేసినా అంతకు ముందే చేసి ఉండాలి. చెయ్యికి వచ్చిందా, వచ్చింది. రాలేదా, రాలేదు.

మరి అలాంటప్పుడు ఆలోచన వల్ల లాభమా, నష్టమా?

‘‘చెయ్యి ఆగిపోతాది సార్!’’

ఆ మధ్య ఏర్పేడు బస్టాపులో ఓ తండ్రి పరిచయమయ్యాడు. ఐఐటీ గేటు చూపిస్తే అబ్బాయికి పట్టుదల వస్తుందని తీసుకొచ్చాడట. పిల్లాడు పక్కనే నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ‘‘ఇంట్లో లెక్కలన్నీ చేసేస్తాడు సార్. కోచింగులో కూడా చేస్తాడు. పరీక్ష హాల్లో కూర్చుంటే చాలు, చెయ్యి ఆగిపోతాది. ఏం చేసేది?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ గోల్ఫ్ ఆటగాళ్లతో ప్రయోగాలు చేసినావిడ ఒకరు గుర్తొచ్చారు.

ఆవిడ పేరు షాన్ బైలాక్. ఆడాల్సిన సమయంలో ఆటగాడు ఎందుకు చతికిలబడతాడన్నదే ఆవిడ పరిశోధన. అమెరికాలోని మిచిగన్‌లో చదువుకునే రోజుల్లోనే మొదలెట్టింది. గోల్ఫ్‌లో చివరి దెబ్బ ఉంటుంది, పట్టింగ్ అంటారు. బంతిని పచ్చిక మీద మెల్లగా దొర్లించి గుంటలో పడేయాలి. చూడ్డానికి పసిపిల్లల పని. కానీ ప్రపంచంలోనే మేటి ఆటగాళ్లు సైతం ఎనిమిది అడుగుల దూరం నుంచి సగంసార్లు తప్పుతారు. 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో అనుభవమున్న ఆటగాళ్లను రెండు రకాలుగా పట్టింగ్ చేయించారు. ఒకసారి ఏవో శబ్దాలు వింటూ, మధ్యలో ఒక ప్రత్యేక శబ్దం రాగానే చెప్పాలి. ఇంకోసారి తమ కర్ర ఊపు మీదే దృష్టి పెట్టి, ఊపు పూర్తయిన క్షణాన చెప్పాలి. మనమైతే రెండోదే మేలనుకుంటాం. ఏకాగ్రత కదా! ఫలితం తిరగబడింది. శబ్దాలు వింటూ ఆడినప్పుడే గురి బాగా కుదిరింది. తమ చేతుల్ని తామే కాపలా కాసినప్పుడు పాడైంది.

మరో ప్రయోగంలో తొందరగా కొట్టమని చెబితే కొత్తవాళ్లు తప్పారు, చేయి తిరిగినవాళ్లు మాత్రం ఇంకా మెరుగయ్యారు. ఇంకోసారి, ఇప్పుడు కొట్టావు కదా, ఏమేం చేశావో చెప్పమంటే అనుభవజ్ఞులు సరిగా చెప్పలేకపోయారు. బాగా వచ్చిన పని నోటికి అందదు. మన అమ్మల్ని అడగండి, రసంలో ఉప్పెంత వేశావని. ‘ఏమో, వేశాను’ అంటారు. కొలిచి వేయమంటే ఆ రోజు రసం చెడుతుంది.

ఇక్కడ ఒక ముక్క స్పష్టంగా చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ సూత్రం చెల్లదు. వాళ్లు ప్రతి మెట్టూ చూసుకుని నేర్చుకోవాల్సిందే. వచ్చేసిన పనిని, ఒత్తిడిలో మళ్లీ మొదటి నుంచి విడదీసి చూడబోయినప్పుడే చిక్కు. కొత్తవాళ్లకు కూడా ఒక చిట్కా ఉంది. గాబ్రియెల్ ఉల్ఫ్ బృందం 1999లో గోల్ఫ్ ఎరగనివాళ్లకు ఆట నేర్పింది. కొందరికి చేతుల కదలిక మీద మనసు పెట్టమన్నారు. కొందరికి కర్ర ఎలా ఊగుతుందో దాని మీద పెట్టమన్నారు. కర్రను చూసుకున్నవాళ్లే బాగా నేర్చారు.

బైలాక్ ఆ తర్వాత గోల్ఫ్ నుంచి లెక్కల పరీక్షల వైపు మళ్లింది. అక్కడ చిక్కు వేరే రకం. భయం వచ్చి బుర్రలో కూర్చుంటే లెక్క చేయడానికి చోటుండదు. 2011లో రామిరెజ్ అనే సహచరుడితో కలిసి ఒక చిట్కా పరీక్షించింది. పరీక్షకు ముందు పది నిమిషాలు, నాకు ఏమేం భయంగా ఉందో కాగితం మీద రాసెయ్యాలి. అలా రాసిన పిల్లలకు, ముఖ్యంగా ఎక్కువ భయపడేవాళ్లకు, మార్కులు పెరిగాయన్నది ఫలితం. సైన్స్ పత్రికలో అచ్చయింది. ప్రపంచమంతా రాసుకుంది. కానీ 2018లో మరో బృందం అందులోని ప్రయోగాన్నొకదాన్ని ఎక్కువ మందితో తిరిగి చేసి చూస్తే, ఆ ఫలితం మళ్లీ రాలేదు. కాబట్టి ఇంటింటా రాయించేయండని నేను చెప్పను. రాస్తే నష్టం లేదు, లాభం గ్యారంటీ లేదు. ‘ఇదొక్కటి చేస్తే ర్యాంకు ఖాయం’ అని కరపత్రాలు పంచేవాళ్ల కంటే, చేసిన ప్రయోగాన్ని మళ్లీ చేసి ‘రాలేదు’ అని చెప్పేవాళ్ల మీదే నాకు గురి.

ఆ బస్టాపు తండ్రికి మాత్రం ఒక మాట చెప్పి ఉండాల్సింది. పరీక్షకు వెళ్లే ముందు గుమ్మంలో నిలబడి ‘జాగ్రత్త, ఒక్కో స్టెప్పూ చూసుకో, కంగారుపడకు, నీ మీదే అంతా ఉంది’ అని పదిసార్లు చెప్పడం, గోల్ఫ్ ఆటగాడి చెవిలో ‘చేతులు చూసుకో, చేతులు చూసుకో’ అని పోరు పెట్టడం లాంటిదే.

తీగలవారి అబ్బాయి

ఈ పాఠమంతా ఒక తెలుగు కుర్రాడి ఆటలో కనిపిస్తుంది. సాహిత్ తీగల. అమ్మానాన్నలు హైదరాబాద్ మూలాలున్నవాళ్లు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. నాన్న మురళీధర్ కొడుకు ఆడే మైదానాలన్నీ వెంట తిరుగుతూ కేకలేసి మరీ ఉత్సాహపరిచే మనిషి. అక్కడి గోల్ఫ్ ప్రేక్షకులందరికీ ఆయన గొంతు పరిచయమే.

సాహిత్‌కు వెన్నెముక కాస్త వంకర. స్కోలియోసిస్ అంటారు. అతడి ఊపు పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండదు. బంతిని తిన్నగా కొట్టడం కంటే గాల్లో వంపు తిప్పి పంపడమే అతడికి హాయి. పాఠ్యపుస్తకం పట్టుకుని దిద్దడం మొదలెడితే ఏమయ్యేదో! ఎవరూ దిద్దలేదు. అదే ఊపుతో కాలేజీలో 2020లో హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అనే మూడు పెద్ద పురస్కారాలు ఒకే ఏడాది అందుకున్నాడు.

బంతి మాత్రం ఎవరి మాటా వినదు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజు సాహిత్ గెలుపు అంచుల్లో ఉన్నాడు. పదిహేడో గుంట దగ్గర కొట్టిన బంతి చక్కగానే వెళ్లింది. నేల తాకి ఎడమవైపు ఎగిరి, దొర్లుకుంటూ నీళ్లలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో అవకాశం పోయింది. గాల్లో ఉన్నంతసేపూ బంతి దారిని లెక్కగట్టొచ్చు, నేల తాకాక ఏ గడ్డిపరక ఎటు తోస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ రోజు కన్నీళ్లు పెట్టుకున్న ఆ కుర్రాడే 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అదీ అదే ఊపుతో.

2024 ఆగస్టు 31. అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజు. మూడో గుంట దగ్గర సాహిత్ బంతి ఇసుక గుంటలో పడింది. నిబంధన ప్రకారం దెబ్బ కొట్టేముందు కర్రను వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగలకూడదు. కొట్టాడు. బయటికొచ్చాడు. కర్ర వెనక్కి పోతున్నప్పుడు కొద్దిగా ఇసుక తగిలినట్టు చేతికి అనిపించింది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. తనే అధికారుల్ని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బల శిక్ష పడింది.

చివరికి సాహిత్ మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానంలో ఉన్న కొలిన్ మోరికావాకు, అతడికి తేడా సరిగ్గా రెండు దెబ్బలు. ఆ రెండూ లేకుంటే ఇద్దరూ సమానం. రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి డెబ్బై అయిదు లక్షలు. సమానంగా నిలిచి పంచుకుని ఉంటే చెరో కోటి వచ్చేది. అంటే ఆ పిడికెడు కూడా లేని ఇసుక విలువ పాతిక లక్షల డాలర్లు.